ఐదుకాళ్ళ ఈగ

దేవాడవలసలో బస్సు దిగి, ఈగలాఫీసు ఎక్కడని అడిగితే అవతలివాడు ముందు నవ్వుతాడు, ఆ తర్వాత దారి చెబుతాడు. దాని అసలు పేరు ఆఫ్రికా మక్షికా వర్గీకరణ సంస్థ. అంత పేరు నోరు తిరిగి పలికేలోపల బస్సు వెళ్ళిపోతుంది గనక ఊరంతా ఈగలాఫీసనే అంటారు.

ఆ ఊళ్ళో బెల్లం కొట్ల ముందు స్థానిక ఈగలు కావలసినన్ని ఉన్నాయి. వాటి జోలికి సంస్థ ఏనాడూ పోలేదు. అవి నిబంధనావళిలో లేవు. ఆఫ్రికాలో కలప వ్యాపారం చేసి తిరిగొచ్చిన ఈ ప్రాంతపు షావుకారు ఒకాయన, అక్కడి ఈగల్ని సరదాకొద్దీ పట్టి, గుండుసూదులకి గుచ్చి, పెట్టెలకు పెట్టెలు తెచ్చుకున్నాడు. ఆయన పోయాక వాటిని ఏం చెయ్యాలో తెలియక ఇంట్లోవాళ్ళు ప్రభుత్వానికి ఇచ్చారు. ఏం చెయ్యాలో తెలియక ప్రభుత్వం వాటికొక భవనం కట్టించింది. భవనం ఉంది గనక డైరెక్టరు కావలసొచ్చాడు.

ఆ డైరెక్టరు డాక్టర్ పరంజ్యోతిగారు. వయసులో ఉండగా ఆ పెట్టెల్లోంచి ఒక ఈగని తీసి, భూతద్దం కింద పెట్టి, ప్రపంచంలో ఎవరూ చూడని కొత్త జాతిని కనిపెట్టారు. దాని ఉరం, ఉదరం, స్పర్శశృంగాలు, వెన్నుమీది శూకాలు అన్నీ వర్ణించి, చివర్లో ఇలా రాశారు: "కాళ్ళు ఐదు. ఎడమవైపు మూడు, కుడివైపు రెండు." పేరు పంచపాది. ఆరో కాలు ఏమైందని అప్పట్లో ఎవరూ అడగలేదు. ఈగని పెట్టెలోంచి తీసేటప్పుడు మూత అంచుకి తగిలి విరిగిపోయి ఉండొచ్చని గాని, షావుకారుగారి మనవడు తుంచి ఉండొచ్చని గాని అనుకోవడానికి కూడా ఎవరికీ అధికారం లేదు.

శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. కొత్త పేరు పెట్టినవాడు, ఇదిగో ఈ ఈగని చూసి పెట్టానని ఒకే ఒక్క ఈగని చూపించి భద్రం చెయ్యాలి. అది మూల ఈగ. రేపు ఎవరికే అనుమానం వచ్చినా వెళ్ళి ఆ ఈగనే చూడాలి. పద్ధతి మంచిదే, ప్రపంచమంతా పాటిస్తుంది. అయితే ప్రపంచం ఈగ కోసం పద్ధతి పెట్టుకుంది. దేవాడవలసలో పద్ధతి కోసం ఈగని పెట్టుకున్నారు. "మూల ఈగ తప్పు కాజాలదు" అని మెట్ల దగ్గర పాలరాతిమీద చెక్కించి ఉంటుంది. గేటుమీద సంస్థ చిహ్నం కూడా ఐదుకాళ్ళ ఈగే.

గొర్లె నూకరత్నం జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఆ సంస్థలో సహాయ వర్గీకర్తగా చేరింది. పేరు పక్కన బ్రాకెట్లో "తాత్కాలికం" అని ఉంది. గొర్రెల మందల మధ్య పెరిగిన పిల్ల గనక కాళ్ళు లెక్కపెట్టడం ఆమెకి కొత్త కాదు. వచ్చిన మొదటి వారమే మిగతా పెట్టెలు తెరిచి చూసి, డైరెక్టరుగారి గదికి వెళ్ళి, "సార్, మిగతా పంచపాదులన్నిటికీ ఆరేసి కాళ్ళున్నాయి" అంది.

పరంజ్యోతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఆ విషయం సంస్థ దృష్టిలో ఉంది. అందుకే మిమ్మల్ని నియమించుకున్నాం."

అలా ఆమె సవరణ విభాగంలో కుదురుకుంది. సవరణ అంటే ఏమీ లేదు. ఉదయం ఒక పెట్టె తీసుకోవడం, ఫోర్సెప్స్‌తో ప్రతి ఈగకీ కుడివైపు వెనక కాలు మెల్లగా తుంచడం, సాయంత్రానికి పెట్టె మూసి "సవరించబడినది" అని ముద్ర వెయ్యడం. తుంచిన కాళ్ళు వేరే సీసాలో వెయ్యాలి. ఆ సీసామీద "అధికం" అని చీటీ అంటించి ఉంటుంది.

మొదట్లో రత్నానికి మనసొప్పేది కాదు. తర్వాత అలవాటైంది. ఉద్యోగం పర్మనెంటైతే క్వార్టరు ఇస్తారు, కుళాయి ఉన్న క్వార్టరు. వీధి చివర బోరింగు దగ్గర బిందెతో నిలబడ్డ ప్రతిసారీ ఆమెకి ఆ కుళాయి కనిపించేది. అందుకోసం ఈగ కాళ్ళే కాదు, అడిగితే పులి కాళ్ళైనా సవరించేటట్టు తయారైంది.

పర్మనెంటు చెయ్యబోయే ముందు మనిషిని మూల ఈగ సంరక్షణలో పెట్టి చూస్తారు. ఆ వంతు వచ్చిన రోజు ఆమె తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి టేకు పెట్టె తెరిచింది. ఈగ కింద సున్నిపిండిలాంటి గోధుమరంగు పొడి పడి ఉంది. ఆ పొడి పక్కన ఒళ్ళంతా నూగుతో బియ్యపుగింజలో సగం లేని పురుగొకటి, భోజనం చేసి పడుకున్న పెద్దమనిషిలా పడి ఉంది. ఈగకి నాలుగే కాళ్ళున్నాయి.

పెట్టెల్లో పురుగు పట్టకుండా కలరా ఉండలు వెయ్యాలి. అది రత్నానికి తెలుసు. పెట్టె మూలన వాటికోసం చేసిన గూడు చూసింది. గూడు ఖాళీ. వెళ్ళి ఆఫీసు సూపరింటెండెంటు శరభయ్యగారి ముందు నిలబడింది. శరభయ్యగారు ఇంట్లో కూడా ఆఫీసు భాషలోనే మాట్లాడతారని, "సదరు చారు" తెమ్మని అడుగుతారని ఊళ్ళో చెప్పుకుంటారు.

"కలరా ఉండలు ఏమయ్యాయండీ?"

"సదరు ఉండలు డైరెక్టరువారి స్నానాల గదిలో వినియోగంలో ఉన్నవి. దుర్వాసన నివారణ నిమిత్తం."

"ఈగల పెట్టెలకండీ?"

"ఇండెంటు పైకి పంపబడినది. పైనుండి రాలేదు. రానందున లేవు." ఆయన గొంతు తగ్గించాడు. "ఏం, ఏదైనా జరిగినదా?"

"మూల ఈగకి ఒక కాలు పోయిందండీ."

శరభయ్యగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "సదరు కాలు మీరు చూచినప్పుడు లేదు. మీకు పూర్వం ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనప్పుడు పోయినట్లు ఎవరూ చెప్పజాలరు. కావున మీ హయాములోనే పోయినది."

ఇంటికి వెళ్తే మొగుడు అప్పలస్వామి కుట్టుమిషను మీద జాకెట్టు చేతులు అతుకుతున్నాడు. అతనిది టైలరు కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడ్డం అతనికి అలవాటు.

"ఏటే, మొకం అలగుంది?"

"ఈగ కాలు పోనాది బావా."

"పోతే ఏటి? ఇంకా నాలుగున్నాయి కదా."

"ఐదుండాలి."

"ఏ ఊళ్ళో ఈగకి ఐదు కాళ్ళుంటాయే? మన పెరట్లో ఈగకి ఆరు. నాను రోజూ సూస్తన్నాను, నా గ్లాసు మీదే కూకుంటాది."

"అది లోకల్ ఈగ. దానికెన్నుంటే మాకేటి."

అప్పలస్వామి మిషను ఆపి, నోట్లోంచి సూదులు తీసి దిండులో గుచ్చాడు. "నాకు తెల్సింది సెప్తాను ఇను. జాకెట్టు బిగువైపోతే టైలరు ఏటంటాడు? జాకెట్టు సరిగ్గానే ఉందమ్మా, నువ్వే ఒళ్ళు సేసినావు అంటాడు. నువ్వూ అలాటిదేదో సూడు."

రత్నం అన్నం ముందు కూర్చుని ఆ మాట రెండుసార్లు నమిలింది.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో కుర్చీ అంచున కూర్చుని, చాలా వినయంగా అడిగింది. "సార్, మూల ఈగకీ వర్ణనకీ తేడా వస్తే ఏది తప్పు?"

"మూల ఈగ తప్పు కాజాలదు" అన్నారు పరంజ్యోతిగారు, కళ్ళు మూసుకునే.

"మూల ఈగకి నాలుగు కాళ్ళున్నాయి సార్."

పరంజ్యోతిగారి మొహంలో మొదట రంగు పోయింది. తర్వాత వేరే రంగు వచ్చింది. దానికి కారణం ఉంది. ఆయన కొత్తగా ఏమీ కనిపెట్టి చాలా ఏళ్ళైంది.

"అనగా," అన్నారాయన నెమ్మదిగా, "ఇంతకాలం ప్రపంచం పంచపాదిని ఐదు కాళ్ళదని భ్రమపడింది."

"అవును సార్."

"ఆ భ్రమను తొలగించే బాధ్యత మనపై పడింది."

"మనమీద కాక ఎవరిమీద పడుతుంది సార్."

ఆ నెలలోనే సవరించిన వర్ణన అచ్చయింది. పేరు మాత్రం పంచపాదే. పెట్టిన పేరు మార్చడానికి శాస్త్రం ఒప్పుకోదు. ఒంటిని మార్చడానికి దేవాడవలసలో అభ్యంతరం లేదు. సవరణ విభాగంలో పెట్టెలన్నీ మళ్ళీ దిగాయి, ఒక్కో ఈగకీ ఇంకో కాలు తుంచారు. "అధికం" సీసా నిండి రెండో సీసా పెట్టారు. గేటుమీది చిహ్నానికి పెయింటరు వచ్చి ఒక కాలిమీద సున్నం పూశాడు. డైరెక్టరుగారికి రాజధానిలో శాలువా కప్పారు.

రత్నానికి ఆర్డరు వచ్చింది. ఆత్రంగా విప్పి చదివింది. "సదరు సహాయ వర్గీకర్త పదవి మూల ఈగ సంరక్షణ నిమిత్తము సృష్టించబడినందునను, మూల ఈగ స్వరూపము ఇంకను మార్పునకు లోనగుచున్నందునను, మూల ఈగ స్థిరపడిన మీదటనే పదవి స్థిరీకరించబడును."

"అంటే ఏటి?" అన్నాడు అప్పలస్వామి.

"ఈగ పర్మనెంటయ్యాక నన్ను పర్మనెంటు సేస్తారట."

అతను లేచి, ఉన్ని కోట్లు దాచే పెట్టె అడుగునుంచి ఒక కలరా ఉండ తీసి ఆమె కొంగులో కట్టాడు. "పురుగు సస్తే ఈగ ఆగిపోద్ది. ఈగ ఆగితే నీ ఉజ్జోగం. ఏసేయ్."

సవ్యంగా ఆలోచించేవాళ్ళు సంస్థలో ఉంటే కథ అక్కడితో అయిపోయేది. రత్నం టేకు పెట్టె తెరిచి, కొంగుముడి విప్పుతుండగానే వాసన పట్టుకుని శరభయ్యగారు వచ్చేశాడు.

"ప్రైవేటు కలరా ఉండ," అన్నాడు, దాన్ని రెండు వేళ్ళతో వెలుతురుకి ఎత్తి పట్టి. "ప్రభుత్వ పెట్టెలో ప్రైవేటు ఉండ. పైగా సదరు పురుగు మూల ఈగను భుజించి ఉన్నది. భుజించబడిన భాగములు పురుగు లోపల ఉన్నవి. కావున పురుగు మూల ఈగలో భాగమా, కాదా అను అంశము తేలనిదే పురుగుకు హాని చేయరాదు. కమిటీ వేయబడును."

ఆ కలరా ఉండ జప్తయి, డైరెక్టరుగారి స్నానాల గదిలో మిగతావాటితో కలిసింది. కమిటీ మాత్రం కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కమిటీ టిఫిన్లు తింటున్నంతసేపూ పెట్టెలో పురుగు తన పని తాను చేసుకుపోయింది. రెండు కాళ్ళు పోయాయి. మిగతా రెండూ పోయాయి. ఎడమ రెక్క పోయింది. ప్రతిసారీ వర్ణన సవరించారు, ప్రతిసారీ పెట్టెలు దిగాయి, ప్రతిసారీ పెయింటరు సున్నం బకెట్టుతో వచ్చాడు. "ఈ ఈగ వల్ల మా పిల్లల ఫీజులు కట్టేశానమ్మా" అని అతను రత్నానికి దణ్ణం పెట్టాడు. ప్రతిసారీ రత్నం చేతికి అదే ఆర్డరు వచ్చింది, తారీఖు ఒక్కటే కొత్తది.

కాళ్ళు లేని ఒంటిరెక్క దశలో ఉండగా, ఉగాండా దేశంనుంచి డాక్టర్ నకాటో వచ్చింది. ఆమెది అక్కడి పశువుల జబ్బుల మీద పరిశోధన. ఆఫ్రికా ఈగలకని ఎక్కడో ఒక సంస్థ ఉందని విని, సంతోషించి, తన ఈగల్ని పోల్చి చూసుకుందామని ఇన్ని మైళ్ళు వచ్చింది. కోటు జేబులోంచి గాజు గొట్టం తీసి డైరెక్టరుగారి బల్లమీద పెట్టింది. అందులో నిగనిగలాడుతూ కొన్ని ఈగలున్నాయి.

పరంజ్యోతిగారు భూతద్దం పట్టి చూసి, జాలిగా నవ్వి, ఇంగ్లీషులో అన్నారు. "మేడమ్, వీటికి ఆరు కాళ్ళు, రెండు రెక్కలు ఉన్నాయి."

"ఉన్నాయండీ."

"అయితే ఇవి ఆఫ్రికా ఈగలు కావు."

ఆమె గొంతు పెంచలేదు. "వీటిని మా అమ్మ పశువులపాకలో నా చేత్తో పట్టాను."

"మీ అమ్మగారి పశువులపాకపై మాకు అపారమైన గౌరవం ఉంది. కాని అది మా నిర్వచన పరిధిలోకి రాదు. మీకు అభ్యంతరం లేకపోతే సవరణ విభాగంలో వీటిని ఆఫ్రికా ఈగలుగా మార్చి ఇప్పించగలను."

నకాటో గొట్టం తిరిగి జేబులో పెట్టుకుంది. రత్నం ఆమెని క్యాంటీనుకి తీసుకెళ్ళి టీ ఇప్పించింది. గ్లాసు అంచుమీద ఒక ఈగ వచ్చి వాలి, ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంది. నకాటో దాన్ని చూసింది, రత్నాన్ని చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వు ముంచుకొచ్చి, టీ బల్లమీద ఒలికింది.

"నువ్వెందుకు ఇక్కడ ఉన్నావు?" అంది నకాటో కళ్ళు తుడుచుకుంటూ.

రత్నం కుళాయి గురించి చెప్పింది. ఆర్డరు గురించి చెప్పింది. ఈగ స్థిరపడితే గాని తను స్థిరపడనని చెప్పింది.

నకాటో ఆలోచించింది. "మా దగ్గరా ఒక ఆఫీసుంది. అక్కడ ఆవు బతికే ఉందని ఆవు చేతే సంతకం పెట్టించమంటారు. సరే గాని, ఆ పురుగు ఆకలి ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది."

"అయితే దానికి అడ్డు రాకు. లోకంలో మారనిది ఒకటే ఉంది. లేనిది."

రత్నం ఆరోజునుంచి పెట్టె మూత తెరవడం మానేసింది. తింటున్నవాళ్ళని పలకరించకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన మర్యాద. వానలు తగ్గి, చలి మొదలయ్యాక, ఒక ఉదయం మూత ఎత్తి చూసింది. చీటీ ఉంది. చీటీమీద నిటారుగా గుండుసూది ఉంది. ఇంకేమీ లేదు. మూత లోపలివైపు ఆ పురుగే, రెక్కలొచ్చి నల్లటి చిన్న పెంకుపురుగై, ఒక్క క్షణం తటపటాయించి, ఎగిరి కిటికీలోంచి వెళ్ళిపోయింది. ఆ సంస్థలో సకాలానికి పదోన్నతి వచ్చింది దానికొక్కదానికే.

డైరెక్టరుగారు పెట్టె దగ్గరికి స్వయంగా నడిచి వచ్చారు. చాలాసేపు వంగి చూశారు.

"పొట్ట కింద ఆకుపచ్చ మెరుపు ఒకటుండేది," అన్నారు. అది డైరెక్టరు గొంతు కాదు, ఎప్పుడో భూతద్దం పట్టుకున్న కుర్రాడి గొంతు. "ఎండకి తిప్పితే కనిపించేది. మీరు చూశారా?"

"చూశాను సార్. బాగుండేది."

ఒక్క క్షణం ఆయన ఏదో అనబోయినట్టే ఉంది. ఆ క్షణంలో ఆయన ఏమని ఉన్నా సంస్థ మూతపడేది, రత్నం ఇంటికి పోయేది. పరంజ్యోతిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇక ఇది మారదు కదా?"

"మారదు సార్. తుప్పు కూడా పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలు."

"రాసుకోండి," అన్నారాయన, గొంతు సర్దుకుని. "పంచపాది. కాళ్ళు లేవు. రెక్కలు లేవు. ఉరము, ఉదరము లేవు. శిరస్సు గుండ్రము, నున్నన. దేహము సన్నము, నిటారు, లోహవర్ణము. కొన మిక్కిలి వాడి."

ఆ వర్ణనతో సంస్థ దశ తిరిగింది. స్టోరు గదిలో అట్టపెట్టెలకొద్దీ ఉన్న గుండుసూదులన్నీ పంచపాదులని తేలింది. ఒకే జాతికి చెందిన ఇన్ని ఈగలు ప్రపంచంలో ఏ సంస్థకీ లేవు. ఫైళ్ళకి గుచ్చిన ఈగల్ని జాగ్రత్తగా తీసి పెట్టెల్లో పెట్టారు. ఫైళ్ళు కాగితం కాగితంగా విడిపోయి కారిడార్లలో తిరిగాయి. గేటుమీద పెయింటరు పాత బొమ్మంతా చెరిపి నిలువుగా ఒక గీత గీశాడు. ఒకటో నంబరు కౌంటరనుకుని జనం కరెంటు బిల్లులు కట్టడానికి లోపలికి రావడం మొదలుపెట్టారు.

అరుదైన ఈగలు బయటివాళ్ళ దగ్గర ఉండకూడదని ఉత్తర్వు వచ్చింది. శరభయ్యగారు ఇద్దరు ప్యూన్లతో మొట్టమొదట అప్పలస్వామి కొట్టుకే వచ్చాడు. సూదులు గుచ్చిన దిండు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎంతకాలముగా పెంచుచున్నారు?"

"గుండుసూదులు బాబూ అవి. జాకెట్టు పట్టి గుచ్చడానికి."

"అటులనా. సదరు జాకెట్టులో ప్రస్తుతం ఎన్ని ఉన్నవి?"

"చంకలో ఓ నాలుగు, నడుం దగ్గర రెండు."

"జాకెట్టును ముట్టకుడు. అది వాటి సహజ ఆవాసము." జాకెట్టుని ఉన్నదున్నట్టు పళ్ళెంలో పెట్టించి, పైన తెల్లగుడ్డ కప్పించి తీసుకుపోయాడు.

అప్పలస్వామి వీధిలోకి వచ్చి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూశాడు. "రత్నం, ఆ జాకెట్టు సర్పంచిగారి వియ్యపరాలిదే. ఏటని సెప్పాలి?"

"ఒళ్ళు సేసింది, పట్టలేదని సెప్పు" అంది రత్నం.

ఆ శుక్రవారం ఆమెకి ఆర్డరు వచ్చింది. శరభయ్యగారు లేచి నిలబడి, రెండు చేతులతో అందించబోయి, ఆగాడు. ఆర్డరు మూడు కాగితాలు. మూడింటినీ కలిపి మూలన గుండుసూది గుచ్చి ఉంది.

"క్షమించవలెను," అని సూదిని నెమ్మదిగా లాగి, దూది పరిచిన డబ్బాలో పడుకోబెట్టాడు. "ఆర్డరు మీది. ఈగ సంస్థది."

పంకా గాలికి మూడు కాగితాలూ మూడు వైపులా లేచాయి. రత్నం రెండింటిని గాల్లోనే పట్టుకుంది. మూడోది బల్లమీద వాలింది. "స్థిరీకరించడమైనది" అన్న మాట, కింద సంతకం, పక్కన ఇంకా తడారని ముద్ర. క్వార్టరు నంబరు కూడా ఉంది. ఆమెకి చెవుల్లో కుళాయి నీళ్ళు బిందెలో పడుతున్న చప్పుడు వినిపించింది.

అంతలో కిటికీలోంచి ఏదో గుయ్యిమంటూ వచ్చి ముద్రమీద వాలింది. పొట్ట కింద ఆకుపచ్చగా మెరిసింది. ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంది, తర్వాత వెనక కాళ్ళు రెండూ రుద్దుకుంది, మధ్య కాళ్ళు రెండింటి మీదా నిలబడి రెక్కలు సర్దుకుంది.

శరభయ్యగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగి చూశాడు. "ఇది ఏమిటండీ?"

రత్నం దానివైపు చూసింది. దాని కింద ఉన్న సంతకం వైపు చూసింది.

"తెలీదండీ," అంది. "మన దగ్గర ఇలాంటివి లేవు."